ఉప్పు తగలకుండా సముద్రం దాకా

శారద అనగానే దేశమంతా వీణ పట్టుకున్న అమ్మవారిని తలుచుకుంటుంది. మా అనకాపల్లివాళ్ళం మాత్రం ఇసక తలుచుకుంటాం. ఏడాదిలో పది నెలలు మా శారదానదిలో ఇసక బళ్ళు నడుస్తాయి. మిగిలిన రెండు నెలల్లో ఎప్పుడో నాలుగు రోజులు తనొక నదినన్న సంగతి ఆవిడకి గుర్తొస్తుంది. నేను ఇక్కడి హైస్కూల్లో సోషలు మేష్టర్ని. అంటే ఇద్దరు శారదల్నీ నమ్ముకున్నవాణ్ణి. ఇద్దరి దగ్గరా ఇంతవరకు చెప్పుకోదగ్గ తడి చూడలేదు.

పద్నాలుగేళ్ళుగా నల్లబల్ల మీద నీలం సుద్దతో నదులు గీస్తున్నాను. గంగ నుంచి కావేరి దాకా అన్నీ నా చేతి మీదుగా పారినవే. ఒక్కదానిలోనూ మోకాలు దాటి దిగలేదు. నాకు ఈత రాదు. ఈ సంగతి పిల్లలకి తెలీదు, మా ఆవిడకి తెలుసు.

అలాంటి నేను మొన్న దసరా సెలవుల్లో, వరదలో, అనకాపల్లి నుంచి సముద్రం దాకా శారద మీద నావలో వెళ్ళొచ్చాను. బస్సులో పోతే పూట పని, మాకు మూడు రోజులు పట్టింది. వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను. వెళ్ళినవాళ్ళు మేము ముగ్గురం తప్ప ఇంకెవరూ ఉన్నట్టు లేదు.

బళ్ళ సాయిబు చేసిన నావ

మస్తాన్ సాయిబు మా వీధిలో వడ్రంగి. ఎడ్లబండి చక్రాలకి అటు రావికమతం దాకా ఆయనదే పేరు. ఆయన చేసిన చక్రం ఇరవై ఏళ్ళు తిరుగుతుంది గానీ ఆయన దుకాణం వదిలి తిరిగే మనిషి కాదు. యాభై దాటాయి, సముద్రం చూడలేదు. ఆయన దగ్గరికి కిందటి మాఘంలో పూడిమడక నుంచి నూకరాజు వచ్చాడు. ఎండుచేపలు అమ్ముకుని తిరిగి వెళుతూ, చక్రాల నీడన కాసేపు కూర్చుని, "సెక్రానికే ఇంత పనితనం పెట్టేవు. నావ సెయ్యగలవేటి మామా?" అని అడిగాడు. సాయిబుకి రాదనడం రాదు.

నూకరాజు పాత నావ అంతకుముందు ఏడు ఒడ్డున అలకి చిక్కి రెండు ముక్కలైంది. దాని మీద పనిచేసే ఆరుగురూ అప్పట్నుంచీ ఇంకొకళ్ళ వలలు బాగుచేస్తూ రోజులు గడుపుతున్నారు. ఇంకొన్నాళ్ళు చూసి వేరే నావలకి పోతామని చెప్పేశారు కూడా. కలప అనకాపల్లి డిపోలో చవక. అందుకని సాయిబు దుకాణం ముందే, బెల్లం మార్కెట్టు వెనక సందులో, ఇరవై రెండడుగుల మామిడిచెక్క నావ మొదలైంది. ఐదు నెలల్లో పూర్తయింది కూడా.

అప్పుడు తెలిసింది, అది సముద్రానికి పన్నెండు కోసుల దూరంలో ఉందని.

రెండు బళ్ళు జోడించి తీసుకెళ్ళబోయారు. మార్కెట్టు మలుపులో నావ తిరగలేదు. మిఠాయి కొట్టు తాటాకు పందిరి తిరిగింది. ఒక బండి ఇరుసు విరిగింది. అదీ సాయిబు చేసిందే కాబట్టి ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు. ఐదు నెలలు ఊళ్ళో సగం మంది వచ్చి ఆ నావని చూశారు, తట్టారు, సలహాలిచ్చారు. ఇది నీళ్ళ దాకా ఎలా వెళుతుందని ఒక్కరూ అడగలేదు. నేనూ రోజూ చూశాను. పైగా నేను సోషలు మేష్టర్ని.

"ఏరు వచ్చినప్పుడు ఏట్లోనే దించేత్తాను మామా, అదే తీసుకుపోతాది" అన్నాడు నూకరాజు. "గానీ ఒకటే మాట. దీనికి ఉప్పు తగలకూడదు."

అది వాళ్ళ అత్తవారింటి ఆచారం. కొత్త నావకి ఇంటి పెద్దావిడ గంగమ్మ పూజ చేసి పసుపు నీళ్ళు చల్లిన తర్వాతే ఉప్పునీరు తగలాలి. ముందే తగిలితే ఆ నావ ఎవరూ ఎక్కరు. ఆరుగురిలో ఒక్కడు కూడా కాలు పెట్టడు. ఎక్కేవాళ్ళు లేని నావ పొయ్యిలోకే పనికొస్తుంది.

"మీ అత్తని ఇక్కడికే రమ్మనరాదూ?" అన్నాను.

"పూజ సంద్రం కనబడే కాడే సెయ్యాల మేస్టారూ. సంద్రం కనబడాల, ఉప్పు తగలకూడదు. మొగకాడ, ఏరు సంద్రంలో కలిసే ముందు, ఇసక దిబ్బ మీద మూడు తాడిసెట్లున్నాయి. ఏట్లో దించినాడే కబురెడతాను, మూడోనాడు మా అత్త అక్కడుంతాది. దిబ్బకి లోపలే ఆపేత్తే సాలు."

ఇంతలో సాయిబు నావేపు చూశాడు. "మేస్టర్ సాబ్‌ని తీసుకెళదాం అల్లుడా. నదులన్నీ ఆయనకి నోటికొచ్చు."

నోటికి రావడానికీ ఒంటికి రావడానికీ తేడా చెప్పాల్సిన సమయం అదే. నేను చెప్పలేదు.

మొదటి రోజు: వంతెన కింద

మాడుగుల కొండల్లో వాన పడిన మర్నాడు మా ఊరికి ఏరొస్తుంది. ఆకాశం తెల్లగా ఉండి నీళ్ళు ఎర్రగా వస్తే అది పైనుంచి వచ్చిన నీరని మా ఊళ్ళో చాకిరేవుకి కూడా తెలుసు. విజయదశమి మర్నాడు అలాగే ఎర్రగా, ఇటునుంచి అటుదాకా నిండి వచ్చింది. నలభై మంది మోసుకెళ్ళి వంతెన ఎగువన నావని నీళ్ళలో పెట్టారు.

పెట్టిన ఐదు నిమిషాలకి అడుగునంతా ఊటలు మొదలయ్యాయి. ఒకటా రెండా, ప్రతి చెక్క సందునుంచీ. సాయిబు ముఖం చూడలేకపోయాను. బండికి కర్ర ఎంత ఎండితే అంత మంచిది, ఆయన ఐదు నెలలూ కర్రని అలాగే ఎండబెట్టాడు మరి.

నూకరాజు మాత్రం నవ్వాడు. "కొత్త నావ ఏడుత్తాది మామా. అత్తోరింటికి ఎల్లేది గదా. సెక్క నీరు తాగి ఉబ్బిందంటే సందులు అయ్యే మూసుకుంతాయి. రేపీపాటికి సుక్క రాదు, సూడు."

ఈ లోపల నీళ్ళు తోడాలి. నా చేతికి కిరసనాయిలు డబ్బా వచ్చింది. వంతెన మీద జనం ఏటికి దండం పెట్టి పసుపూ కుంకుమా చిల్లరా వేస్తున్నారు. నయాపైసలు వచ్చి ఇన్నేళ్ళయినా నదికి మాత్రం మావాళ్ళు పాత అణాలే వేస్తారు, బజార్లో చెల్లవు కాబట్టి. ఒకటి సరిగ్గా నా బట్టతల మీద పడింది. ఈ యాత్ర మొత్తం మీద నేను సంపాదించింది అదే.

వంతెన దాటాక నావ పరిగెత్తింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. గట్లూ చెట్లూ వెనక్కి పోతున్నాయి, మేము కదలనట్టే ఉంది. ఆ హాయిలోనే తిరకాసు ఉంది. నీళ్ళెంత జోరుగా పోతున్నాయో మేమూ అంతే జోరు. అలాంటప్పుడు చుక్కాని పట్టుకున్నా గొడుగు పట్టుకున్నా ఒకటే. నూకరాజు చుక్కాని కుడికి తిప్పాడు, ఎడమకి తిప్పాడు. నావ తన ఇష్టం వచ్చినట్టు పక్కకి తిరిగి అడ్డంగా నడిచింది.

"ఇదేటిది" అన్నాడు నూకరాజు. "సంద్రంలో కెరటం ఎదరనించి వత్తాది. మొహం మీదికి వచ్చినోడితో ఏదో ఒకటి తేల్చుకోవచ్చు. ఇది ఎనకనించి తోసుకుపోతన్నాది."

"నది గురించి మీకు తెలుసు కదా మేస్టర్ సాబ్" అన్నాడు సాయిబు నాతో.

"నదులు పర్వతాల్లో పుట్టి సముద్రంలో కలుస్తాయి" అన్నాను, డబ్బా ఆపకుండా. అంతకుమించి నాకు తెలిసింది లేదు.

చెరుకుతోటలో లంగరు

మునగపాక దగ్గరేమో, ఏరు ఎడమకి తిరిగింది. మేము తిరగలేదు. మలుపులో నీళ్ళన్నీ బయటి గట్టు మీద పడతాయి, లోపలి వైపు నెమ్మదిగా ఉంటాయి. ఇది ఎనిమిదో తరగతి పాఠం. నేనే బొమ్మ వేసి చెబుతాను. ఆ బొమ్మలో బాణం గుర్తుంటుంది. బాణం చివర మేమున్నాం. బయటి గట్టుకి గండి పడి నీళ్ళు పొలంలోకి పోతుంటే మేమూ వాటితోబాటే పోయి, నిలువెత్తు చెరుకు మధ్య ఆగాం.

చుట్టూ చెరుకు. చప్పుడు లేదు. ఏం చెయ్యాలో తెలియనప్పుడు మనిషి చేతికి దొరికింది తింటాడు. ముగ్గురం తలో గడా విరుచుకుని నములుతుండగా మొలలోతు నీళ్ళలో ఒక రైతు వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"సెరుకు దొంగల్ని సానామందిని సూసేను. పడవేసుకొచ్చినోల్లని ఇదే సూడ్డం" అన్నాడు.

ఆయన పేరు అప్పలనాయుడు. సాయిబుని గుర్తుపట్టాక గొంతు మారింది. "సాయిబు గారా. నా బండి మీరు సేసిందే గాదేటి. పన్నెండేళ్ళయ్యింది, ఆకు కదల్లేదు." అంటే చక్రం ఆకు. చెరుకాకుల సంగతి ఆ రోజుకి వదిలేశాడు.

ఆ రాత్రి ఆయన ఇంట్లోనే. చోళ్ళ అంబలి, పచ్చి ఉల్లిపాయ, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప. మా ఇంట్లో ఎండుచేప వాసన వస్తే మా ఆవిడ కిటికీలు మూస్తుంది. అక్కడ వాసన బయటికి పోతుందని కిటికీలు మూశారు. నేను మూడు తిన్నాను. ఈ వ్యాసం మా ఆవిడ చదువుతుంది కాబట్టి ఒకటని రాద్దామనుకున్నాను గానీ, పిల్లలకి నిజం చెప్పమని బోధించేవాణ్ణి.

భోజనాల దగ్గర నాయుడు అన్నాడు: "కింద ఆనకట్టున్నాది. దాని సంగతి తెలవకండా ఎల్తే మీ పేరు సెప్పుకోడానికి ఈ సెరుకు గడలే మిగుల్తాయి. రేపు సింహాచలాన్ని పిలుత్తాను."

రెండో రోజు: సింహాచలం

మా వైపు సింహాచలం అంటే కొండ కావచ్చు, మగాడు కావచ్చు, ఆడమనిషి కావచ్చు. ఈ సింహాచలం అరవై ఏళ్ళ ముసలమ్మ. తాటిదోనె మీద మనుషుల్ని ఏరు దాటిస్తుంది. మనిషికి పది పైసలు, మేకకి ఐదు, కొత్త పెళ్ళికూతురికి ఉచితం. వరద రోజుల్లో మాత్రం దోనె గట్టెక్కించి ఏటి పక్కనే కూర్చుని ఉంటుంది. నీటి అంచున వరసగా పుల్లలు గుచ్చుతుంది. ఎన్ని పుల్లలు మునిగితే ఏరు అంత పొంగినట్టు. మా స్కూల్లో వర్షమాపకం ఉంది, తాళం వేసి. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు.

పొద్దున్న మేము వెళ్ళేసరికి నావ చుట్టూ తిరిగి చూస్తోంది. లోపల చుక్క నీరు లేదు. సాయిబు ఆ చెక్క సందుల్ని వేలితో రాసి రాసి చూసుకుని, ఎవరో చూస్తున్నారని చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"ఎవుడు నడిపేడిది?" అంది సింహాచలం.

"నానే" అన్నాడు నూకరాజు. "సంద్రం మీద ఇరవై ఏళ్ళనించి ఎల్తన్నాను."

"అందుకే సెరుకుతోటలో ఉన్నావు" అంది ముసలమ్మ.

మా వైపు 'ఏమిటి' అనడానికి 'ఏటి' అంటారు. ఏటికి సంబంధించినదీ ఏటే. ఆవిడ నోట్లో ఈ రెండూ కలిసిపోయి, ఏ ప్రశ్న అడిగినా ఏటి గురించే అడుగుతున్నట్టు ఉండేది. నేను నోటుబుక్కు తీశాను. పద్నాలుగేళ్ళలో నోట్సు చెప్పడమే గానీ రాసుకోవడం ఇదే.

"సెత్త సూడు బావూ" అంది నాతో. "ఏరు పొంగేటప్పుడు నడుం ఎత్తుతాది. అప్పుడు పుల్లా పుడకా గట్టు పక్కకి జారిపోతాయి. తగ్గేటప్పుడు నడుం వంచుతాది, సెత్తంతా నడిమికి సేరతాది. ఇప్పుడేడున్నాయి?"

చూశాను. నురగా, కొమ్మలూ, ఎవరిదో చాటా, అన్నీ నడి ఏట్లో బారుగా పోతున్నాయి.

"నడిమిని" అన్నాను.

"అయితే తగ్గుతన్నాది. మంచిదే. పొంగే ఏరు గట్టు మీదికి ఎక్కించేత్తాది, మీకు నిన్న తెలిసింది గదా. తగ్గే ఏరు ఇసక మీద కూకోబెట్టేత్తాది. ఇయాలే ఎల్లిపోవాల, రేపటికి ఉండదు."

అంటే ఆలస్యం చేస్తే నావ ఇంకో ఏడాది చెరుకుతోటలోనే. నాయుడి మనుషులు తాళ్ళేసి గండిలోంచి మళ్ళీ ఏట్లోకి లాగారు, ముసలమ్మ కూడా ఎక్కింది, నూకరాజు తెడ్డు అందుకున్నాడు.

"అటు తిరుగు" అంది ముసలమ్మ.

"ఎటు?"

"పైకి. నీరొచ్చే వైపు."

"మేం కిందికి గదా ఎల్లాల?"

"కిందికి ఏరు తీసుకెల్తాది. నువ్వు వొద్దన్నట్టు తెడ్డెయ్. అప్పుడే నీ మాట ఇంతాది."

అదీ కిటుకు. నావ ముక్కు ఎగువకి పెట్టి, ఎదురు తెడ్డు వేస్తూ, నీటికంటే నెమ్మదిగా వెనక్కి జారాలి. నీటితో సమానంగా పోతే పట్టు ఉండదు. నీటికంటే తక్కువగా పోతే ముక్కు కాస్త అటు తిప్పగానే నావ అటు గట్టుకి, ఇటు తిప్పితే ఇటు గట్టుకి పక్కగా నడుస్తుంది. ఎదురీదుతూ కిందికి దిగిపోవడం నాకు కొత్త కాదు, నా సర్వీసు రికార్డంతా అదే. కానీ దాన్ని కావాలని చేసేవాళ్ళుంటారని అప్పుడే తెలిసింది.

దారిలో ఒక తుమ్మచెట్టు గట్టునుంచి ఏట్లోకి ఒరిగి ఉంది. నీళ్ళు కొమ్మల్లోంచి సన్నగా పాడుకుంటూ పోతున్నాయి. అందంగా ఉందన్నాను. సింహాచలం నావేపు జాలిగా చూసింది. "నీరు జల్లిడి పట్టినట్టు పోతాది. నువ్వు పోవు బావూ, జల్లిట్లో రాయిలాగ ఉండిపోతావు. బండకి గుద్దుకున్నోడు బతికేడు గానీ సెట్టుకి సిక్కినోడు బతకలేదు." ఆ తరవాత చెట్లను చూసి అందంగా ఉన్నాయనలేదు.

అద్దం లాంటి నీళ్ళు

మధ్యాహ్నానికి ఏరు ఒక్కసారి నున్నగా అయింది. ముడతలు లేవు, సుడులు లేవు. ఆకాశం అందులో కనిపించింది. "ఇప్పటికి శాంతించింది" అన్నాడు సాయిబు.

"గట్టుకి పట్టండి. ఏగిరం" అంది ముసలమ్మ. అంతసేపట్లో ఆవిడ గొంతు పెంచింది ఆ ఒక్కసారే.

గట్టెక్కి నడిచి వెళ్ళి చూశాం. ఆ అద్దం చివర ఆనకట్ట ఉంది. మీద మూరెడు లోతు నీళ్ళు జారి కింద పడుతున్నాయి, పెద్ద ఎత్తేం కాదు. చప్పుడు కూడా అంతంతమాత్రం. కింద పడిన నీరు మళ్ళీ వెనక్కి తిరిగి ఆనకట్ట వైపే వస్తోంది. అక్కడ ఒక అరటిబోదె దొర్లుతోంది. మునుగుతుంది, తేలుతుంది, కాస్త ముందుకు పోయినట్టు పోయి మళ్ళీ వెనక్కి వస్తుంది.

"ఎప్పట్నించి ఉంది?" అన్నాను.

"నిన్నటేలనించి" అంది సింహాచలం. "వొగ్గదు."

నేను ఆ గట్టు మీద కూర్చున్నాను. నోటుబుక్కులో ఆ మాట, పక్కన 'వదలదు' అని అర్థం రాసుకున్నాను.

నావని ఒడ్డు మీదుగా దాటించాలి. కబురు పంపితే అప్పలనాయుడు రెండు జతల ఎడ్లూ, బండీ తోలుకొచ్చాడు. ఇక్కడ సాయిబు చెలరేగాడు. బండి తొట్టి ఊడదీయించి, ఇరుసుతో సహా చక్రాల్ని నావ నడుం కింద పెట్టి, ముందూ వెనకా మనుషుల్ని సర్ది, తాడు కట్టి, ఎవరెక్కడ పట్టాలో, ఎప్పుడు వదలాలో తన దుకాణంలో ఉన్నట్టే అరిచాడు. నావ చక్రాల మీద ఆనకట్ట పక్కనుంచి నడిచి దిగువ నీళ్ళలోకి దిగింది. సాయం పట్టిన ఎనిమిది మందికి టీ, పకోడీ కలిపి రెండు రూపాయల పది పైసలు. అప్పలనాయుడు ఏమీ పుచ్చుకోలేదు గానీ, పోతూ పోతూ, "సాయిబు గారూ, సెక్రం బాగున్నాది. నావ సంగతి సంద్రం సెప్తాది" అన్నాడు. సాయిబు ఆ మాటని రాత్రంతా నమిలాడు.

సాయంత్రం రాంబిల్లి దరిదాపుల్లో సింహాచలం దిగిపోయింది. అక్కడ ఆవిడ చెల్లెలుంది. మొగ గురించి, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు గురించి, చెప్పమన్నాం.

"నానెరగను" అంది. "నా ఏరు ఇక్కడికే."

నదివాళ్ళకి మొగ తెలీదు. నూకరాజుకి మొగ సముద్రం వైపునుంచి తెలుసు, ఏటి వైపునుంచి తెలీదు. ఇక మిగిలింది నేను.

మూడో రోజు: నాలుక ఉద్యోగం

పొద్దున్నే నూకరాజు ఒక ఉపాయం చెప్పాడు. తాడిచెట్లు కనబడితే సరే. కనబడకపోయినా నీరు ఉప్పన తిరిగే లోపల ఆపేస్తే చాలు. అంచేత ఒకళ్ళు ముందు కూర్చుని నీళ్ళు రుచి చూస్తూ ఉండాలి. నూకరాజు చుట్టని అడ్డపొగ వేస్తాడు, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. అతని నాలుక ఎప్పుడో కాలిపోయింది. సాయిబు జర్దాకిళ్ళీ. నాకు ఏ అలవాటూ లేదు. జన్మలో నన్ను అర్హత చూసి ఒక పనికి ఎంచుకోవడం అదే మొదలు.

నాకు ధైర్యంగానే ఉంది. పుస్తకంలో ఉంది, పోటు వచ్చినప్పుడు సముద్రపు నీరు నదిలోకి ఎదురెక్కుతుందని. కాబట్టి మొగ ఇంకా మైలుందనగానే ఉప్పు తగలాలి. ఆ మాటే వాళ్ళకి చెప్పాను. నమ్మారు.

ముందు కూర్చుని దోసిలి ముంచాను. మట్టి, ఆకు, పశువులు, మాడుగుల కొండలు. ఉమ్మేశాను.

"మేస్టారూ?"

"చప్పన."

వంద గజాలు పోయాక మళ్ళీ. "మేస్టారూ?"

"చప్పన."

నీళ్ళు నమలడం అని తరచు అంటూ ఉంటాం. దాన్ని ఉద్యోగంగా చేసినవాణ్ణి నేనే అయ్యుంటాను. గట్లు దూరమవుతూ వచ్చాయి. తాడిచెట్లు రాలేదు. చినుకులు మొదలై అన్నీ మసకబారాయి. నేను ముంచడం, నమలడం, ఉమ్మడం, చప్పన అనడం. నావ సన్నగా ఊగడం మొదలుపెట్టింది, అది వాన గాలి అనుకున్నాను.

అప్పుడు సాయిబు, చాలా మర్యాదగా, "మేస్టర్ సాబ్, ఈ నదికి అవతలి గట్టు ఎక్కడ?" అన్నాడు.

తలెత్తాను. అవతలి గట్టు లేదు. వెనక్కి తిరిగి చూశాను. ఇసక దిబ్బ ఉండాల్సిన చోట వరద కోసేసిన గండి, ఒకటే ఒక తాడిచెట్టు తలకిందులుగా, దాని వెనక తెల్లటి ఒడ్డు. మేము ఒడ్డుకి అవతల ఉన్నాం. సముద్రంలో.

నూకరాజు తెడ్డు వదిలేసి కూర్చుండిపోయాడు. నన్ను నాలుగు మాటలు అని ఉంటే బాగుండును.

నేను మళ్ళీ దోసిలి ముంచాను. ఇంకేం చెయ్యాలో తోచక. "చప్పగానే ఉంది" అన్నాను.

"ఏటి?"

"చప్పగా ఉంది నూకరాజూ. మట్టినీళ్ళే."

అతను లేచి నిలబడి చుట్టూ చూశాడు. నావ కింద అంతా ఎరుపు. ఎదర, రెండు వందల గజాల్లో, సముద్రాన్ని ఎవరో కొలబద్ద పెట్టి గీసినట్టు ఒక నురగ గీత. గీతకి ఇవతల ఎరుపు, అవతల నీలం. కొట్టుకొచ్చిన చెత్తంతా ఆ గీత మీద బారులు తీరి ఉంది. మామూలు రోజుల్లో సముద్రం నదిలోకి వస్తుంది. వరద రోజుల్లో నదే సముద్రంలోకి వెళ్ళి కాసేపు కాపురం పెడుతుంది. ఈ వాక్యం నా పాఠ్యపుస్తకంలో లేదు.

"గీత దాటకపోతే ఇంకా ఏట్లోనే ఉన్నట్టు గదా?" అన్నాడు నూకరాజు.

"సందేహం లేదు" అన్నాను. అన్నాక చూస్తే గీత మావేపే వస్తోంది. పోటు మొదలైంది.

ముగ్గురం తెడ్లు వేశాం. నేను కూడా. సాయిబు అల్లాని, నూకరాజు గంగమ్మని, నేను మా ఆవిడని తలుచుకుంటూ, ఒడ్డు వైపు, అడ్డంగా, ముసలమ్మ చెప్పినట్టు ముక్కు కాస్త పక్కకి పెట్టి. ఒడ్డు దగ్గర కెరటాలు విరిగే చోట నావ రెండుసార్లు నిలువునా లేచి దబ్బున పడింది. సాయిబు కళ్ళు మూసుకుని చెక్కని తడిమాడు. ఒక్క మేకు కదల్లేదు.

ఒడ్డు

నావ ఇసకని తాకిన చోటుకి, దిబ్బ కొట్టుకుపోవడంతో ఒడ్డున కాచుకుని ఉన్నవాళ్ళు పళ్ళేలూ కొబ్బరికాయలూ పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ముందు నూకరాజు అత్త పైడమ్మ, పొట్టి మనిషి, నోట్లో చుట్ట. వెనక ఆ ఆరుగురు. ఆరుగురూ నీటికి పది అడుగుల దూరంలో చేతులు కట్టుకుని ఆగారు.

"సంద్రంలోంచి వచ్చింది గదత్తా" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. "అందరం సూసేము."

"ఉప్పు తగల్లేదు" అన్నాడు నూకరాజు. "ఒట్టు. మేస్టార్ని అడుగు."

నేను నది నీరు సముద్రం మీద ఎలా పరుచుకుంటుందో, నురగ గీత ఎక్కడుందో వివరించాను. మా తొమ్మిదో తరగతి ఎలా వింటుందో వాళ్ళూ అలాగే విన్నారు.

"అక్కడ సరే. ఇక్కడో?" అన్నాడు పెద్దవాడు, నావ పక్క నీళ్ళకేసి గడ్డం చూపిస్తూ.

ఆ నీళ్ళు అంత ఎర్రగా లేవు. వంగి వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు. సందేహించడానికి వీల్లేని, పచ్చి ఉప్పు. నూకరాజు నా మొహమే చూస్తున్నాడు. పొద్దున్నుంచీ నమిలిన నీళ్ళన్నీ ఒక ఎత్తు, అప్పుడు నమిలినవి ఒక ఎత్తు.

పైడమ్మ చుట్ట తీసి కూతురి చేతికిచ్చింది. మోకాలు లోతు దిగింది. నా పక్కనే, నేను వేలు ముంచిన చోటే, దోసిలి ముంచి నోట్లో పోసుకుంది. ఉమ్ముతుందని అందరూ చూశారు. ఉమ్మలేదు. మింగింది. ఇంకో దోసిలి ముంచి అదీ తాగింది. మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"నీరు" అంది ఆరుగురికేసి తిరిగి. "ఉత్త ఏటి నీరు. అనుమానమున్నోడు వచ్చి తాగండి."

ఎవరూ రాలేదు. పైడమ్మ తాగిన తర్వాత తాగి చూడడమంటే పైడమ్మని అబద్ధమాడావనడమే.

"సదువుకున్నోడున్నాడు గదా, ఆయన్నే సెప్పమను" అంది నావేపు చూసి. ఆ చూపు మా హెడ్మాస్టరు దగ్గర కూడా చూడలేదు.

"మంచినీళ్ళే" అన్నాను.

అంతే. కొబ్బరికాయ కొట్టారు. పసుపు నీళ్ళు చల్లారు. నావ ముక్కుకి బొట్లు పెట్టారు. ఆరుగురూ వచ్చి చెక్కల్ని తట్టి చూశారు. ఎవడు చేశాడని ఒకడు అడిగితే, బళ్ళ సాయిబు అని ఇంకొకడు నవ్వబోయి, మేకు తలల వరస చూసి నవ్వు ఆపేశాడు. తరవాత ఆరుగురూ ఒక్కొక్కళ్ళే కుడికాలు లోపల పెట్టి ఎక్కారు. సాయిబు సముద్రానికి వీపు పెట్టి నిలబడి ఆ ఆరు కాళ్ళనీ లెక్కపెట్టుకున్నాడు.

నేను తడి బట్టలతో గట్టు మీద కూర్చున్నాను. అక్కడ బిందె దగ్గర పైడమ్మ ఒక గ్లాసు నీళ్ళు ముంచుకుని గటగటా తాగింది. రెండోది తాగింది. మూడోది ముంచుతుంటే కూతురు, "ఏటమ్మా అంత దాహం?" అంది.

"ఎండ" అంది పైడమ్మ.

పొద్దున్నుంచీ మబ్బు పట్టి ఉంది. నాలుగో గ్లాసు ముంచి నాకు అందించింది.